స్వామికి ఏకాంతసేవ, మరి అమ్మకి?

కిందటేడు మాఘమాసంలో తిరుమల వెళ్లినప్పుడు సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాం. అర్ధరాత్రి దాటాక లైను కదలడం ఆగిపోయింది. చంటిపిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్లు మోకాళ్లు పట్టేసి నిలబడలేక కూర్చోలేక అవస్థ పడుతున్నారు. ఒకాయన గట్టిగా విసుక్కుంటుంటే, నా పక్కన గోడకి జారబడిన పెద్దావిడ కళ్లు తెరవకుండానే అంది: "స్వామి పవళించే వేళ నాయనా. పొద్దుణ్ణించీ నిలబడే ఉన్నాడు. ఆయన్ని కాస్త కన్ను మూయనివ్వండి."

ఆయన మరి మాట్లాడలేదు. నేనూ ఫోన్‌లో టైం చూసుకోవడం మానేశాను.

ఆ వేళ లోపల జరిగేది ఏకాంతసేవ, రోజులో చివరి సేవ. మూలమూర్తి ఎప్పుడూ నిలబడే ఉంటాడు కదా, అందుకని ఆయన బదులు భోగ శ్రీనివాసమూర్తిని మంచం మీద పవళింపజేస్తారు. పల్లవ రాణి సామవై సమర్పించిన చిన్న వెండి మూర్తి అది. ధనుర్మాసంలో అయితే ఆ మంచం శ్రీకృష్ణుడిది. వేడి పాలు, పళ్లు నివేదన చేస్తారు. తాళ్లపాక అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. ఆ తర్వాత తలుపులు మూస్తారు. రద్దీ ఎక్కువగా ఉన్న రోజుల్లో మూసి ఉంచే సమయం బాగా తగ్గిపోతుంది, అయినా సేవ మాత్రం మానరు. తెల్లవారకముందే మళ్లీ సుప్రభాతం.

ఇంటికొచ్చాక కూడా నన్ను వదలనిది ఒక్కటే. నిద్రపుచ్చడం కూడా అక్కడ సేవే. దానికో వేళ, మంచం, పాలు ఉన్నాయి. పాడేవాళ్లున్నారు, తలుపు మూసేవాళ్లున్నారు. బయట వేలమంది ఎదురుచూస్తున్నా సరే, ఆ కాసేపు స్వామిది. మన ఇళ్లలో నిద్ర అలా కాదు, అన్ని పనులూ అయ్యాక ఏమైనా మిగిలితే అదే.

గీత ఆరో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది:

యుక్తాహారవిహారస్య యుక్తచేష్టస్య కర్మసు
యుక్తస్వప్నావబోధస్య యోగో భవతి దుఃఖహా

తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ, అన్నీ తగుమాత్రంగా ఉన్నవాడికి యోగం దుఃఖాన్ని పోగొడుతుందని అర్థం. దీని ముందు శ్లోకంలో ఇంకా సూటిగా చెప్తాడు కృష్ణుడు: అతిగా పడుకునేవాడికీ యోగం లేదు, అదేపనిగా మేలుకునేవాడికీ లేదు, అర్జునా అని. ఆ మాట ఎవరితో అంటున్నాడో చూడండి. అర్జునుడికి గుడాకేశుడని పేరు. గుడాక అంటే నిద్ర, దాన్ని జయించినవాడు. గీతలోనే ఆ పేరు నాలుగైదు చోట్ల వస్తుంది. నిద్రని గెలిచిన వీరుడికే, మెలకువ మరీ ఎక్కువైతే పనికిరాదని చెప్తున్నాడు స్వామి. ఇది చదివిన ప్రతిసారీ నాకు గుండె తేలికవుతుంది. రాత్రి ఒంటిగంటకి ఆఫీసు కాల్స్, ఆరింటికి పిల్లల టిఫిన్ బాక్సులు, మధ్యలో కళ్లు మండుతుంటే "ఇంత బద్ధకమేంటి" అని నన్ను నేనే తిట్టుకుంటూ చాలా ఏళ్లు గడిపాను మరి.

మా అమ్మ రోజూ రాత్రి దేవుడి మందిరం తలుపులు దగ్గరికి వేసేది. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "దేవుడు పడుకోవాలిగా" అనేది. తలుపు వేసి, దణ్ణం పెట్టుకుని, నేరుగా అంట్ల దగ్గరికి వెళ్లేది. తర్వాత పాలు తోడేసి, మర్నాటికి పప్పు నానబోసి, అందరికీ దోమతెరలు దోపేది. తను ఎప్పుడు పడుకునేదో నేనెప్పుడూ చూడలేదు. దేవుడికి జోకొట్టే ఇంట్లో అమ్మకి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. అప్పుడు నాకూ తోచలేదు.

ఇప్పుడు పదిన్నరకి మందిరం తలుపులు నేనే వేస్తాను. వేసేముందు ఫోన్ కూడా ఆ పక్కన బల్ల మీదే పెట్టేస్తాను. రాత్రి కాల్స్ వారానికి రెండే అని ఆఫీసులో గట్టిగా అడిగితే, నేననుకున్నంత గొడవేం కాలేదు. శనివారం సాయంత్రం అరగంట వాకింగ్, అదీ ఒంటరిగా. శ్లోకంలోని విహారం అదే అనుకుంటాను.

పోయిన నెల అమ్మ వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. రాత్రి భోజనాలయ్యాక సింకు దగ్గరికి నడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అంట్లు అలాగే ఉన్నాయే."

"ఉండనీ అమ్మా. రేపు చూద్దాం."

మంచం మీద కూర్చోబెట్టి, లైటు తీసేసి, పాలు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. నేను గ్లాసుతో వచ్చేసరికి అమ్మ అటు తిరిగి పడుకుని నిద్రపోయింది. కళ్లజోడు ఇంకా ముఖానికే ఉంది. మెల్లగా తీసి దిండు పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేశాను.