చోక్‌చెర్రీ వదిన

మే నెల మూడో వారంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో నది పక్క దారంతా తెల్లపూల పొదలే. ఓ పొద దగ్గర ఆగి నేను ఫోన్‌లో ఫొటో తీసి, యాప్ చెప్పిందే వేదమన్నట్టు "ఇది చోక్‌చెర్రీ అనే అడవి చెర్రీ" అనేశాను. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మా, ఆకు చూడు" అని కొమ్మ వంచింది. ఆకు అంచుకి రంపపు పళ్లు పై సగంలోనే ఉన్నాయి, తొడిమ వైపు నున్నగా ఉంది. చోక్‌చెర్రీ ఆకుకైతే చుట్టూ సన్నటి పళ్లుంటాయి, పూలు కూడా సీసాలు కడిగే బ్రష్‌లా పొడుగ్గా గుత్తులు కడతాయి. ఇక్కడేమో పొట్టి గుత్తులు, ఒక్కో పువ్వుకి రిబ్బను ముక్కల్లాంటి ఐదు రెక్కలు. అంటే సస్కటూన్ అనే బెర్రీ పొద! ఈ తేడా తెలియాలి కూడా, ఎందుకంటే చోక్‌చెర్రీ గుజ్జు తినొచ్చు గానీ గింజల్లో, ఆకుల్లో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది.

సాయంత్రం వీడియో కాల్‌లో "ఇది కూడా గులాబీ కుటుంబమే అమ్మమ్మా" అంటే, మా అమ్మ "గులాబీకీ దీనికీ ఏం చుట్టరికమే?" అంది. అసలు ఈ పిల్లకి మన వరసలంటే తికమక, మా అన్నయ్య కొడుకూ మా అక్క కొడుకూ ఇద్దరూ దానికి కజిన్లే. సరే అని కాగితం తీశాను. సస్కటూన్, ఆపిల్ అక్కచెల్లెళ్లు: రెండు కాయలకీ అడుగున ఎండిన చిన్న కిరీటం, లోపల చిన్న గింజలు. చోక్‌చెర్రీకి బాదంలాగా ఒకటే టెంక, కాబట్టి అది పిన్ని కూతురు. గులాబీ, స్ట్రాబెర్రీ ఇంకాస్త దూరం.

"పిన్ని కూతురైతే అది కూడా చెల్లే కదా, మరి తేడా ఏముంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మే "అయితే మేనత్త కూతురని రాసుకో, వదినవుతుంది" అని తేల్చేసింది.

తెలుగులో సస్కటూన్‌ని ఏమంటారని అడిగితే మాత్రం ఇద్దరం నోళ్లు వెళ్లబెట్టాం. కెనడా ఆదివాసుల క్రీ భాషలో మిసాస్క్వాటోమినా అంటారనీ, అక్కడి సస్కటూన్ నగరానికి ఆ మాట నుంచే పేరొచ్చిందనీ మా అమ్మాయే మాకు చెప్పింది.

కాగితం ఫ్రిజ్ మీద అతికించింది. చోక్‌చెర్రీ పక్కన "వధిన" అని రాసుంది. నేను దిద్దలేదు.