స్కైలాబ్ పడిన చోటికి బస్సులో

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి సెడూనా దాకా సాగిన ప్రయాణంలో చెప్పుకోదగినది పెద్దగా లేదు. పోర్ట్ అగస్టా దాటాక గోధుమ పొలాలు, కింబాలో అందరూ ఆగి ఫోటో దిగే పెద్ద పక్షి బొమ్మ, దారి పొడవునా ధాన్యం సైలోలు, ఆపైన మళ్ళీ గోధుమ పొలాలు. పెనాంగ్ దగ్గర గాలిమరల గుంపు వెనకబడి, పొలాలు పలచబడి, రోడ్డుకు రెండు వైపులా మోకాలెత్తు నీలిబూడిద రంగు పొదలు తప్ప మరేమీ కనిపించని స్థితి వచ్చినప్పుడు మాత్రమే, అయిర్ హైవే మీద అసలు ప్రయాణం మొదలైందన్న భావన మా ఇద్దరికీ కలిగింది.

మా వాహనం ఒక పాత టొయోటా కోస్టర్. అంతకుముందు వృద్ధాశ్రమం వారు పెద్దవాళ్ళను ఆసుపత్రులకూ బజారుకూ తిప్పడానికి వాడిన బస్సు అది. మా వారు ఉద్యోగ విరమణ చేసిన ఏడాది దాన్ని కొని, సీట్లన్నీ పీకించి, వెనక మంచం, మధ్యలో రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, చిన్న ఫ్రిజ్, కింద నీళ్ళ ట్యాంకు, పైన సోలార్ పలకలు అమర్చారు. చెక్కపని చాలావరకు ఆయనే చేశారు. నేను పెట్టిన షరతు ఒక్కటే: పోపుల డబ్బా ఎంత కుదుపు వచ్చినా తెరుచుకోకూడదు. అందుకోసం ఆయన స్టవ్వు పక్కన డబ్బా సరిగ్గా పట్టేంత గుండ్రటి గుంట చెక్కి, మూత మీదికి ఇత్తడి గొళ్ళెం వచ్చేట్లు బిగించారు. మొత్తం దారిలో ఒక్క ఆవగింజ కూడా కింద పడలేదంటే ఆయన పనితనం ఎలాంటిదో తెలుస్తుంది.

ఈ బస్సు తొంభై కిలోమీటర్ల వేగం దాటితే కష్టపడుతుంది. వెనక నుంచి 36 మీటర్ల పొడవున్న రోడ్ ట్రైన్లు, అంటే ఒకదాని వెనక ఒకటి ట్రెయిలర్లు తగిలించిన లారీలు, వస్తాయి. డ్రైవర్లు యూహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ ఛానల్ మీద ముందుగా పలకరించి, "కోస్టర్, ఇప్పుడు దాటుతున్నాను" అని చెప్పి మరీ దాటుతారు. దాటేటప్పుడు గాలి మమ్మల్ని పక్కకు నెడుతుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. ఆ మనుషుల ముఖాలు మేము చూసింది లేదు గాని, ఆ దారిలో మాతో అంత మర్యాదగా మాట్లాడినవారు తక్కువ.

మర్యాద గురించి ఎత్తుకున్నాను కాబట్టి నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. చెట్లు లేని ఈ నల్లర్‌బోర్ మైదానం దారిలో రోడ్‌హౌసులే ఊళ్ళు. పెట్రోలు బంకు, హోటలు, గదులు, బండ్లు నిలుపుకునే స్థలం అన్నీ ఒకటే. డీజిలు లీటరు రెండున్నర డాలర్లు దాటింది, దానికి సిద్ధపడే వచ్చాము. స్నానానికి డబ్బు కట్టించుకున్నారు, అదీ సబబే. కాని ఒక చోట, మూడు వందల డాలర్ల డీజిలు పోయించుకున్న తరువాత, మా వారు తాగడానికి ఒక సీసా నీళ్ళు పట్టుకోవచ్చునా అని అడిగితే, కౌంటరు వెనక ఉన్న యువకుడు తల కూడా ఎత్తకుండా ఫ్రిజ్‌లో అమ్మే సీసాల వైపు వేలు చూపించాడు. నాకు చాలా కోపం వచ్చింది. మే నెల ఎండలో మన ఊళ్ళలో బస్టాండు దగ్గర తాటాకు పందిరి వేసి, కుండల్లో నీళ్ళు పోసి, దారిన పోయే ప్రతివాడికీ గ్లాసు అందించే చలివేంద్రాలు నా కళ్ళ ముందు మెదిలాయి. అయితే ఇక్కడ నేల కింది నీరు ఉప్పు. దాన్ని యంత్రాలతో శుద్ధి చేసుకోవాలి, లేదా వాన నీటిని ట్యాంకుల్లో దాచుకోవాలి, లేదా వందల కిలోమీటర్ల నుంచి తెప్పించుకోవాలి. ఆ యువకుడి ఇబ్బంది నాకు అర్థమైంది. ఆ తల ఎత్తకపోవడం మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

సముద్ర తీరాన హెడ్ ఆఫ్ బైట్ దగ్గర తిమింగలాలను చూశాము. శీతాకాలంలో సదరన్ రైట్ తిమింగలాలు అక్కడికి పిల్లలను కనడానికి వస్తాయి. చెక్క వంతెన మీద నిలబడితే కింద ఆకుపచ్చ నీటిలో తల్లి, పక్కనే పిల్ల కదలకుండా తేలుతూ కనిపించాయి. ఈ దృశ్యం గురించి ఇదివరకే చాలామంది రాశారు, నేను కొత్తగా చేర్చగలిగింది లేదు. నా మనసులో ఎక్కువగా నిలిచింది దానికి కాస్త ముందు దాటిన యలాటా ప్రాంతం. అక్కడి ఆదివాసుల్లో చాలా కుటుంబాలను 1952లో ఉత్తరాన ఊల్‌డియా నుంచి తరలించారు. ఆ తరువాత 1956, 1957 సంవత్సరాల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఉత్తర దిక్కునే, మారలింగా వద్ద, ఏడు అణుబాంబులను పేల్చి పరీక్షించింది. ఆ నేల విషమైన తీరును ఆస్ట్రేలియా ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 1985లో నివేదికగా ఇచ్చింది. పటంలో ఊరు పేరు లేనంత మాత్రాన అక్కడ మనుషులు లేరనుకోవడం ఎంత సులభమో, ఆ పనికి ఎవరు మూల్యం చెల్లించారో ఆలోచిస్తూ చాలా దూరం ఏమీ మాట్లాడుకోకుండా వెళ్ళాము.

సరిహద్దు దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలోకి అడుగు పెట్టే చోట తనిఖీ ఉంటుంది. పచ్చి కూరగాయలు, పండ్లు, తేనె తీసుకువెళ్ళనివ్వరు. అందుకని అంతకు ముందు రాత్రి, సముద్రపు గాలికి బస్సు ఊగుతుండగా, మిగిలిన టమాటాలతో పచ్చడి, వంకాయలతో కారం పెట్టిన కూర, బంగాళాదుంపలతో వేపుడు చేశాను. కరివేపాకు మొత్తం వేయించి పొడి కొట్టాను. తనిఖీ అధికారిణి బస్సులోకి వచ్చి ఫ్రిజ్ తెరిచి, డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా వాసన చూసి, ఆకలి వేస్తోందని చెప్పి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి గడియారాన్ని నలభై అయిదు నిమిషాలు వెనక్కి తిప్పుకోవాలి. యూక్లా చుట్టుపక్కల ఆ కొద్ది దూరానికీ ఒక సొంత కాలమానం నడుస్తుంది, ఆ తరువాత కైగూనా దాటితే మరో నలభై అయిదు నిమిషాలు వెనక్కి. యూక్లాలో 1877లో కట్టిన టెలిగ్రాఫ్ కార్యాలయం గోడలు ఇసుకలో సగం మునిగి ఉన్నాయి. కుందేళ్ళు గడ్డినంతా తినేయడంతో ఇసుక దిబ్బలు కదలడం మొదలుపెట్టి ఊరిని మింగేశాయి.

కైగూనా నుంచి 146 కిలోమీటర్ల పైచిలుకు ఒక్క మలుపు లేని రోడ్డు ఉంది. అది పూర్తయిన తరువాత కొద్ది దూరంలో బల్లడోనియా. ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ చోటి వల్లనే.

రోడ్‌హౌసులోకి కాఫీ కోసం వెళ్ళాను. పక్కనే చిన్న మ్యూజియం, లోపలికి వెళ్ళడానికి డబ్బు అక్కరలేదు. అక్కడ ప్రదర్శనలో ఉన్నవి స్కైలాబ్ శకలాలని చదివి నేను అక్కడే నిలబడిపోయాను. "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని పిలిచిన గొంతు నాది కానట్టు అనిపించిందని మా వారు తరువాత చెప్పారు.

1979లో నాకు తొమ్మిదేళ్ళు. మా ఊరు అప్పటి నల్గొండ జిల్లాలో, సూర్యాపేటకు దగ్గర. అమెరికా వాళ్ళు 1973లో ఆకాశంలోకి పంపిన అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ అదుపు తప్పిందని, జులైలో భూమి మీద పడుతుందని పత్రికల్లో, రేడియోలో వచ్చింది. ఎక్కడ పడుతుందో చెప్పలేమని వాళ్ళు అన్న మాట మా ఊరు చేరేసరికి, మన ఊరి మీదే పడుతుందన్న మాటగా మారింది. ఎటూ చచ్చిపోతాము కాబట్టి తినగలిగింది తినాలని ఇంటింటా కోళ్ళు కోశారు. మేకలు ఉన్నవాళ్ళు మేకలను కోశారు, లేనివాళ్ళు అప్పు చేసి కొన్నారు, అప్పు తీర్చాల్సిన రోజు రాదన్న ధైర్యంతో. మా నాయనమ్మ దసరాకని దాచిన నెయ్యి డబ్బా మూత తీసి, పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, అడిగినంత పోసింది. ఆమె చేయి వణకడం నాకు బాగా గుర్తుంది. నెయ్యి అంచు దాటి విస్తరి మీద నుంచి నేల మీదికి కారుతుంటే, ఎప్పుడూ ఒక చుక్క వృథా పోనివ్వని ఆమె దాన్ని తుడవలేదు. ఆ రాత్రి కొందరు గుడిలో పడుకున్నారు. మా నాయన మాత్రం పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు, తెల్లవారితే వరి ఎండుతుందని.

తెల్లవారింది. ఏమీ పడలేదు. ఆ తరువాత చాలా రోజుల వరకు మా ఊళ్ళో కోడి కూత వినబడలేదు, కోడిపుంజు మిగిలిన ఇల్లు లేదు కనుక. షావుకారు అప్పులు మాత్రం ఒక్కటీ పోలేదు. రెండెకరాలు అమ్ముకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు.

తెనాలి దగ్గర పెరిగిన మా వారికి కూడా ఇదే అనుభవం. ఆ రోజుల్లో పల్లెల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళలో స్కైలాబ్ గురించి ఒక కథ లేనివారిని నేను చూడలేదు. ఆ కథను మేమెప్పుడూ నవ్వుకుంటూనే చెప్పుకున్నాము. బల్లడోనియాలో ఆ కాలిపోయిన లోహపు ముక్కల ముందు నిలబడినప్పుడు నవ్వు రాలేదు. ఒక ముక్క అంచు ముడతలు పడి, నల్లబడి, మధ్యలో రంధ్రాల వరుస స్పష్టంగా ఉంది. ఆ రంధ్రాల్లో ఒకప్పుడు మరలు బిగించిన చేతులు, మా నాయనమ్మ చేతులు, ఈ రెంటినీ కలిపిన వస్తువు ఇదేనని అనుకున్నాను.

మ్యూజియంలో మాతో పాటు ఒక పెద్దాయన ఉన్నారు. కారవాన్‌లో భార్యతో పెర్త్ నుంచి తూర్పుకు వెళుతున్నారు. మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే, ఆ ముక్క గురించి అంతసేపు ఏమి చెప్పుకుంటున్నారని మర్యాదగా అడిగారు. కోళ్ళ దగ్గర నుంచి నెయ్యి దాకా అంతా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ రాత్రి ఆయన కుర్రవాడు, ఈ ప్రాంతంలోనే గొర్రెల స్టేషన్‌లో, అంటే గొర్రెలను పెంచే పెద్ద క్షేత్రంలో, తల్లిదండ్రులతో ఉన్నారు. అర్ధరాత్రి దాటాక రేకుల కప్పు అదిరిపోయేంత చప్పుళ్ళు వరుసగా వినిపించి లేచారట. కుక్కలు ఆగకుండా మొరిగాయట. బయటికి వచ్చేసరికి ఆకాశంలో నిప్పుల గీతలు ఇంకా కనిపిస్తున్నాయట. "మీకు ముందు భయం వేయలేదా?" అని అడిగాను. సముద్రంలో పడుతుందని రేడియోలో చెప్పారనీ, అందుకే అందరూ హాయిగా పడుకున్నారనీ ఆయన జవాబిచ్చారు.

నాసా వాళ్ళు దాన్ని దక్షిణాఫ్రికాకు దక్షిణంగా, సముద్రంలో పడేట్లు తిప్పే ప్రయత్నం చేశారు. అయితే వారు లెక్క వేసినంత త్వరగా అది ముక్కలు కాలేదు, అందువల్ల ఇంకా తూర్పుకు వచ్చి దక్షిణ తీరంలోని ఎస్పరెన్స్ పట్టణం నుంచి ఈ మైదానం దాకా చెల్లాచెదరుగా పడింది. ఇక్కడ అర్ధరాత్రి దాటి సుమారు ముప్ఫై ఏడు నిమిషాలయినప్పుడు, మా ఊళ్ళో రాత్రి పది దాటింది. అంటే గుడిలో పడుకున్నవాళ్ళు ఆకాశం వైపు చూస్తున్న సమయానికే అది పడిపోయింది. భయపడినవాళ్ళ మీద పడలేదు, పడిన చోట భయపడినవాళ్ళు లేరు. ఎవరికీ దెబ్బ తగలనందుకు నాకు నిజంగా సంతోషం. కాని "జనం లేని చోట పడింది" అని లోకమంతా ఊపిరి పీల్చుకున్న ఆ చోట, నాతో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి ఆ రాత్రి నిద్రపోతున్నాడు. మా ఊరు కూడా వాళ్ళ పటాల్లో అలాంటి చోటే అయి ఉంటుంది.

ఎస్పరెన్స్ స్థానిక పాలక సంస్థ అప్పట్లో చెత్త పారవేసినందుకు అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాసింది. ఆ మొత్తం 2009లో, అమెరికాలో ఒక రేడియో కార్యక్రమం శ్రోతలు చందాలు వేసి కడితే గాని వసూలు కాలేదు. దాని గురించి ఆ పెద్దాయన గర్వంగా చెప్పారు. మా ఊళ్ళో అమ్ముకున్న రెండెకరాల గురించి నేను మళ్ళీ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ఆ కుటుంబం పేరేమిటని అడిగారు. ఎందుకు అడిగారో తెలియదు, చెప్పాను.

నార్స్‌మన్‌లో కుడికి తిరిగితే పెర్త్ దారి. మేము ఎడమకు, ఎస్పరెన్స్ వైపు, రెండు వందల కిలోమీటర్లు పోవాలని నిర్ణయించుకున్నాము. డీజిలు ఖర్చు లెక్క వేసుకోకుండా మా వారు ఒప్పుకున్న సందర్భం ఈ యాత్రలో అదొక్కటే. అక్కడి మ్యూజియంలో ఇంకా పెద్ద ముక్కలు, ఒక ఆక్సిజన్ ట్యాంకు ఉన్నాయి. ఎస్పరెన్స్‌కే చెందిన స్టాన్ థార్న్‌టన్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు ఇంటి దగ్గర పడిన ముక్కలను తీసుకుని శాన్ ఫ్రాన్సిస్కోకు విమానంలో వెళ్ళి, ఒక పత్రిక ప్రకటించిన పదివేల డాలర్ల బహుమతి అందుకున్న వైనం గోడ మీద ఉంది. పత్రికల కత్తిరింపుల్లో అమెరికా ఉంది, ఆస్ట్రేలియా ఉంది. మన పల్లెల ఊసు ఎక్కడా లేదు.

తలుపు దగ్గర సందర్శకుల పుస్తకం ఉంది. అందులో పేరు, ఊరు, ఒక వాక్యం రాయడానికి మాత్రమే గీతలు గీసి ఉన్నాయి. నేను ఆ గీతలు దాటి, ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో, 1979 జులైలో నల్గొండ జిల్లాలో జరిగినది రాశాను. మా వారు పక్కన నిలబడి తెనాలి వైపు సంగతులు ఒక్కొక్కటీ గుర్తు చేశారు. మేకలను, కోళ్ళను, షావుకారు అప్పులను, ఆ రాత్రి పొలానికి నీళ్ళు పెట్టిన మా నాయనను వరుసగా రాసుకుంటూ పోయేసరికి పేజీ నిండింది. వెనక నిలబడినవాళ్ళకు దారి ఇచ్చి, వాళ్ళు సంతకాలు పెట్టిన తరువాత, మరో పేజీ తీసుకున్నాను.