వైరు ఊడినా వెలుగుతూనే ఉంది

సాకెట్ విప్పితే ఫేజ్ స్క్రూ కింద రెండు వైర్లు. తెనాలిలో అయితే ఒకటి వచ్చేది, ఇంకోటి ముందుకు పోయేది. ఇక్కడ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో రెండూ తిరిగి తిరిగి ఒకే డీబీకి (బ్రేకర్లుండే పెట్టెకి), ఒకే 32 ఆంప్స్ బ్రేకర్‌కి చేరతాయి. దీన్ని రింగ్ అంటారు.

మా ఆవిడ నర్సు. ఆవిడ ఉద్యోగం మీద వచ్చాం. నేను ఇక్కడ ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పర్‌ని. పదిహేనేళ్ళు సొంతంగా వైరింగ్ చేసినవాడికి మళ్ళీ హెల్పర్ పనంటే చివుక్కుమంటుంది, అది వేరే సంగతి.

ఫోన్‌లో చెబితే బాబాయి నవ్వాడు. "పోయిన వైరుని మళ్ళీ వెనక్కి తేవడమేంట్రా, దండగ కాదూ?"

దండగ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి వీళ్ళకి రాగి కరువు. కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతోనే 100 చదరపు మీటర్లలో సాకెట్లన్నీ ఇచ్చేయొచ్చు. అయితే టేబుల్ లైటు సన్నటి తీగని 32 ఆంప్స్ బ్రేకర్ ఏం కాపాడుతుంది? అందుకే ప్లగ్గులోనే ఫ్యూజ్ పెట్టారు. మన 6, 16 ఆంప్స్ సాకెట్ల గొడవ లేదు.

మొన్న ఒక వంటింట్లో సాకెట్ ఒకటి పెంచాలి. అన్నీ పనిచేస్తున్నాయి. అయినా మా పెద్దాయన డీబీలో కొసలు విప్పించి, ఒక్కో వైరు రెండు కొసల మధ్యా మీటర్ పెట్టమన్నాడు. ఫేజ్ 0.40 ఓమ్స్. ఎర్త్ సన్నం కాబట్టి 0.66. న్యూట్రల్‌కి రీడింగే లేదు, అంటే ఎక్కడో తెగింది! ఫ్రిజ్ వెనక సాకెట్‌లో నల్ల వైరు (పాత ఇల్లు, రంగులు మనవే) స్క్రూ కింద నుంచి జారి ఊరికే పక్కన ఉంది. కెటిల్‌కే 13 ఆంప్స్. దానికి డ్రయ్యర్ తోడైతే న్యూట్రల్ భారం చాలావరకు ఒక్కవైపు వైరు మీదే. ఆ వైరు వేడెక్కినా 32 ఆంప్స్ బ్రేకర్ పడదు. మన దగ్గరైతే ఆ వైరు ఊడిన క్షణమే ఫ్రిజ్ ఆగేది, సాయంత్రానికి ఫోన్ వచ్చేది.

"మా పద్ధతే నయం సార్, 4 వైరు వేసి ఒక్క దారిలో తీసుకెళ్తే సరి" అన్నాను. ఇక్కడా అలా వేస్తున్నవాళ్ళు ఉన్నారు.

ఆయన స్క్రూ బిగిస్తూనే అన్నాడు: "రింగ్‌లో ఎర్త్ ఒకచోట తెగినా రెండోవైపు నుంచి ఉంటుంది. మీ దాంట్లో తెగితే?"

తెగితే అన్నీ పనిచేస్తూనే ఉంటాయి.

రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. "బాబాయ్, మనింట్లో గీజర్ సాకెట్‌కి ఎర్త్ వస్తోందో లేదో రేపొకసారి చూడు."