జేజి అరచేయి

మా జేజికి డెబ్బై రెండేళ్లు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో ఒకప్పుడు ఎవరికి నొప్పులు మొదలైనా కబురు ఆమెకే వెళ్లేది. అందరూ ఆసుపత్రి కాన్పులకు అలవాటుపడ్డాక పిలిచేవాళ్లు లేరు. నా తొలి కాన్పుకు నేను పిలిచాను.

పిలిచేటప్పుడే రెండు మాటలు చెప్పాను. కడుపు మీద నొక్కకూడదు, నొప్పులు రావాలని ఆముదం తాగించకూడదు. ఆముదం తాగితే విరేచనాలై ఒంట్లో నీరంతా పోతుందని మా ఏఎన్ఎం ముందే హెచ్చరించింది. జేజి నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. "కాన్పయ్యాక ఒకామెకు రక్తం ఆగలేదు తల్లీ. ఎద్దుల బండి కట్టేలోపే పోయింది" అని చాలాసేపు మాట్లాడలేదు.

ప్రసవ గది దగ్గర ఆమెను బయటే ఆపారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ తోడుగా ఒక ఆడమనిషి ఉండవచ్చని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆమె తాను కూడా కన్నదై ఉండాలి, అంటువ్యాధి ఉండకూడదు, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, వైద్యానికి అడ్డు రాకూడదు. మా ఆశా అక్క ఇవన్నీ వివరించి ఒప్పించేసరికి అరగంట పట్టింది. ఆ అరగంట పళ్లు బిగబట్టి, గోడ వైపు తిరిగి ఒంటరిగా పడుకున్నాను. అలా ఇంకెవరూ పడుకోకూడదు.

జేజి వస్తూనే నా దవడ మీద వేలు పెట్టింది. "ఇక్కడ బిగిస్తే కింద కూడా బిగుసుకుంటుంది, వదులు." మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి నిలబడమంది. నొప్పి మొదలవగానే నడుము కింద, వెన్ను ముగిసే చోట అరచేతి మొదలు ఆనించి, నొప్పి దిగేదాకా ఒకే బలంతో నొక్కి పట్టేది. కాయలు కాచిన ఆ చేతి గరుకు చీర మీదుగా కూడా తెలిసేది. "జొన్నలు విసురుతున్నట్టు నడుము తిప్పు" అంది. విసుర్రాయి తిరిగే చప్పుడులా గొంతు అడుగు నుంచి ఊఁ అంటూ ఊపిరి నిదానంగా వదలమంది. నొప్పికీ నొప్పికీ నడుమ గోరువెచ్చని నీళ్లు గుక్కెడు పట్టించేది.

నొప్పి ఉన్నంతే ఉంది. కానీ అది వస్తోందనగానే నడుము దానంతటదే తిరగడం మొదలుపెట్టేది, భయపడటానికి తీరిక దొరికేది కాదు. నర్సు బిడ్డ గుండె చప్పుడు వినడానికి వచ్చిన ప్రతిసారీ జేజి తనంతట తానే గోడ వారకు జరిగి నిలబడేది. పక్కన తోడు, ఊపిరి మీద ధ్యాస, నడుము మర్దన, ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పుల గురించి ఇచ్చిన సూచనల్లో ఉన్నాయని తర్వాత చదివాను. జేజి చదువుకోలేదు.

తెల్లవారుజామున పాప పుట్టింది. గంటలోపే ముర్రుపాలు పట్టాం. పుట్టిన వెంటనే నా తొడకు సూది వేస్తుంటే జేజి ముందుకు వచ్చింది.

"ఇదెందుకమ్మా?"

"గర్భసంచి ముడుచుకోవడానికి అవ్వా. రక్తం ఎక్కువ పోకుండా ఆపుతుంది."

ఆ మందు సీసా చూపించమని అడిగింది. నర్సు చిటికెన వేలంత గాజు సీసాను దీపం వెలుతురులో పట్టుకుంటే, జేజి కళ్లు చికిలించి చూసింది.

"ఇంత చిన్నదా" అంది.