స్పిరిట్ లేకుండానే ఇంట్లో మల్లె పరిమళం: నా అనుభవం

గానుగ ఆడించిన మల్లె నూనెను ఈ రోజే వడగట్టి సీసాలకు ఎత్తాను. మాది రాజమండ్రి కాబట్టి కడియపులంక మార్కెట్టులో విచ్చని మొగ్గలకు కొదవ లేదు. వట్టివేరు పూజాద్రవ్యాల అంగడిలోనే దొరికింది.

నన్ను ఏడిపించినది స్పిరిట్. పూల సారాన్ని స్పిరిట్‌లోకి, అంటే ఇథైల్ ఆల్కహాల్‌లోకి, దింపాలన్నది మొదటి ఆలోచన. రసాయనాల దుకాణంలో అడిగితే, యజమాని నన్ను ఎగాదిగా చూసి, నలుగురి ముందూ "సారా కాయడానికా అమ్మా?" అన్నాడు. సెంటు కోసమని ఎంత చెప్పినా వినిపించుకోలేదు. అనుమతి సంగతి కనుక్కుందామని ఎక్సైజు కార్యాలయానికి వెళితే, గుమస్తా ఒక అధికారి దగ్గరికి పంపాడు, ఆ అధికారి తిరిగి గుమస్తా దగ్గరికే పంపాడు. కంపెనీ ఉందా, గోదాము ఉందా అని ఆరా తీశారే గాని, ఇంటి అవసరానికి నియమం ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. కల్తీసారా ప్రాణాలు తీస్తుంది కనుక స్పిరిట్ మీద నిఘా ఉండవలసిందే. అయితే చట్టప్రకారం కొనుక్కుందామని వచ్చిన మనిషిని దొంగను చూసినట్టు చూడడం ఏ న్యాయం? మరో దుకాణంలో రశీదు లేకుండా డబ్బా ఇస్తామన్నారు. నేను ముట్టుకోలేదు, మీరూ కొనవద్దు. అందులో మిథనాల్ ఉంటే అది చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకే విషం.

నిజానికి మల్లెకు స్పిరిట్ అక్కరలేదు. ఆవిరి వేడికి దాని సువాసన చెడిపోతుంది గాని, కోసిన తర్వాత కూడా పువ్వు రాత్రంతా పరిమళిస్తూనే ఉంటుంది, దాన్ని నువ్వులు పీల్చుకుంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ చమేలీ (జాజి) నూనెకు పేరు తెచ్చినదీ ఈ పద్ధతే. పొట్టు తీసిన నువ్వులను కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, చేటలో ఒక వరస నువ్వులు, ఒక వరస మొగ్గలు పరచి, పలుచని నూలుగుడ్డ కప్పాలి. తెల్లవారేసరికి రేకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. అప్పుడే పూలను ఏరివేయాలి, లేకపోతే వాటి చెమ్మ దిగి నువ్వులు ముక్కిపోతాయి. సాయంత్రం మళ్లీ కొత్త మొగ్గలు వేయాలి. గింజను గోటితో నలిపినప్పుడు నువ్వుల వాసన కంటే ముందు మల్లె వాసన తగిలేదాకా ఈ పని ఆపకూడదు.

ఆ నువ్వులను ఆడించే ముందు గానుగను మన కళ్లెదుటే శుభ్రం చేయించుకోవాలి, ముందు ఆడిన వేరుశనగ వాసన అంటితే ఇంత శ్రమా వృథా. మల్లె త్వరగా ఎగిరిపోతుంది, వట్టివేరు నిలుస్తుంది. అందుకే నా సీసాల్లో బాగా ఎండిన వట్టివేరు ముక్కలు వేసి, వెలుతురు తగలని అలమరలో పెట్టాను.