తాతయ్య కుర్చీకి వెల కట్టించాను

నిన్న సాయంత్రమే ఈ తతంగం ముగిసింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, చల్లారకముందే రాసేస్తున్నాను.

రాజమండ్రి ఇల్లు అమ్మేశాక సామానంతా నేనూ తమ్ముడూ పంచుకున్నాం. తేలనిది తాతయ్య చేతుల కుర్చీ ఒక్కటే. నల్లగా నిగనిగలాడే చెక్క, వీపుకి ద్రాక్షగుత్తులు చెక్కిన పలక, చేతుల చివర పొదిగిన తెల్ల పువ్వులు, కూర్చునేచోట పేము అల్లిక. పిఠాపురం రాజావారు తాతయ్యకి బహూకరించారని మా నాన్న చెప్పని చుట్టం లేడు. కుర్చీ తమ్ముడు ముందే సికింద్రాబాద్ ఫ్లాట్‌కి తీసుకెళ్లిపోయాడు. వెల కట్టించి సగం నాకివ్వాలని ఒప్పందం. నా లెక్కలో అది 2 లక్షలకు తక్కువ కాదు.

అంత ధైర్యం ఊరికే రాలేదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఏనుగు దంతం పొదిగిన కుర్చీలు చేసి దొరలకు అమ్మేవారు. విశాఖ దంతపు సామాను లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆ ఫొటోలు చూశాక మా కుర్చీ మీది తెల్ల పువ్వులు చూస్తే మీరైనా నాలాగే అనుకుంటారు. "పిల్లల్ని ఎక్కనివ్వకు, అది మ్యూజియం సరుకు" అని మరదలికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఫొటో పంపితే వెల చెబుతామన్నవాళ్లిద్దరిలో ఒకరు 4 లక్షలన్నారు, ఒకరు 5,000 అన్నారు. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాను కొనే అతను 3,000 ఇస్తానన్నాడు. కొనేవాణ్ణే వెల అడిగితే ఇంకేం చెబుతాడు? వడ్రంగి మాత్రం చెక్క అడుగున గోరంత గీకి, కింద బర్మా టేకు, పైన పలక రోజ్‌వుడ్ అన్నాడు. రెండు రకాల కర్ర ఎందుకుందని అప్పుడే అడగాల్సింది. రెండూ ఖరీదైన కర్రలే కదా అని మురిసిపోయాను.

చివరికి పాత ఫర్నిచర్ బాగుచేసే ఒక పెద్దాయన దొరికారు. కొనరు, అమ్మరు, వెల కట్టి కాగితం మీద రాసిస్తారు. ఫీజు 1,500. అది నేనే ఇస్తానన్నాను, పౌరుషానికి. ట్రాలీ ఆటోలో కుర్చీ, వెనక కారులో మేం ముగ్గురం.

ఆయన కుర్చీని ముందు నుంచి చూడనేలేదు. ఇద్దరు కుర్రాళ్లతో తలకిందులు చేయించి, టార్చి వేసి, అడుగు చట్రాన్ని చేత్తో తడిమారు. డెబ్భై ఏళ్లుగా ఆ కుర్చీ మా ఇంట్లో ఉంది, ఒక్కరమూ దాన్ని తిరగేసి చూసిన పాపాన పోలేదు. తడిబట్టతో దుమ్ము తుడిచి "చదవండమ్మా" అన్నారు. కళ్లజోడు పెట్టుకుని నేనే చదివాను, అదీ గట్టిగా. ఎం. అండ్ ఎస్.ఎం.ఆర్.

"మద్రాస్ అండ్ సదరన్ మహ్రాట్టా రైల్వే. ఆ కంపెనీ 1908లో వచ్చింది, 1951లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది. కాబట్టి ఇది ఆ మధ్యలోది. వెయిటింగ్ రూమ్ కుర్చీ అయ్యుంటుంది" అన్నారాయన, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా.

మా తాతయ్య సామర్లకోట స్టేషన్లో గూడ్స్ క్లర్కు.

ఎవరూ ఏమీ అనలేదు. తమ్ముడు సీలింగ్ ఫ్యాన్ చూస్తున్నాడు. మరదలు మాత్రం, "అయితే రాజావారు టికెట్ కలెక్టరా వదినా?" అంది. కుర్రాళ్లు నవ్వారు. రైల్వే వాళ్లు పాత సామాను వేలం వేస్తారు, తాతయ్య వేలంలోనే కొనుంటారు అని నేను చెప్పబోయాను, కానీ గొంతు నాకే కీచుగా వినిపించింది.

అక్కడితో అయిపోలేదు. పెద్దాయన భూతద్దం పెట్టి తెల్ల పువ్వులు చూశారు. దంతమైతే లోపల ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలుంటాయట. మా దాంట్లో ఉన్నవి సూదిమొన చుక్కలు. ఎముక. "సంతోషించండమ్మా, దంతమైతే అసలు అమ్మడానికే లేదు, కేసు" అన్నారు. తర్వాత ద్రాక్షగుత్తుల పలక మరలు విప్పారు. మరలు కొత్తవి. వెనక ఫ్రేముకి వాడకుండా వదిలేసిన పాత మేకు రంధ్రాలు, ఎండ తగలని లేత రంగు చార. ఎవరో ఎప్పుడో వేరే కుర్చీ వీపు తెచ్చి దీనికి బిగించారన్నమాట.

"ఇది రెండు కుర్చీలమ్మా" అన్నారు.

నా వల్ల జరిగిన మంచి కూడా ఒకటుంది, అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. బయలుదేరే ముందు మరదలు దానికి మెలమైన్ పాలిష్ కొట్టిద్దామంది, నేను పడనివ్వలేదు. పాత లక్క పాలిష్ అలాగే ఉంచినందుకు పెద్దాయన మెచ్చుకున్నారు, కొత్తది కొట్టించుంటే ఇంకో మూడోవంతు తగ్గించేవాణ్ణన్నారు. ఆ మాట మరదలి ముందే అనిపించుకున్నాను, రెండుసార్లు.

డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి పంపితే అక్కడ మంచి ధర రాదా అని కూడా అడిగాను. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది, దాటలేదని తేలితే అంత ధర ఎవరిస్తారు అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కాగితం మీద రాసిచ్చింది ఇదీ: కింది కుర్చీ 9,000, పై పలక 13,000. మొత్తం 22,000. పలక లేకుండా, వీపు కూడా అసలుదే ఉండి, ఆ రైల్వే అక్షరాలతో ఉంటే ఇంతకంటే ఎక్కువే పలికేదట. రాజుగారి కుర్చీలా కనిపించాలని ఆ ద్రాక్షలు బిగించింది తాతయ్యో, నాన్నో!

మీ ఇంట్లో ఇలాంటిదుంటే ముందు తిరగేసి చూసుకోండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

నా వాటా 11,000 రావాలి. రాత్రికి ఫోన్‌పేలో 10,700 వచ్చింది. ట్రాలీ ఆటో 600, అందులో సగం.