డిస్కస్ చేపలు దిగిన రోజు

ఉదయం లేవగానే డిస్కస్ చేపల కోసం సిద్ధం చేస్తున్న అక్వేరియం తొట్టెలో నీటి పరీక్ష చేశాను. అమ్మోనియా నాళికలో నీళ్లు పసుపుగానే ఉన్నాయి, నైట్రైట్ నాళికలో లేత నీలం ఊదాలోకి తిరగలేదు, అంటే చేపలకు విషమైన ఆ రెండూ నీటిలో లేవు. చేపల వ్యర్థానికి బదులుగా నిన్న లీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన తొట్టెలో కలిపిన అమ్మోనియాను ఫిల్టర్‌లోని బాక్టీరియా ఒక్క రోజులో నైట్రైట్‌గానూ, దానిని మళ్లీ నైట్రేట్‌గానూ మార్చేసిందన్నమాట. చేపలే లేని తొట్టెకు వారాల తరబడి ఈ కాపలా ఏమిటని ఇంట్లో అందరూ నవ్వుతూనే ఉన్నారు గానీ, ఈ ఫలితం కనిపించేదాకా చేపలను తేకూడదని నేను మొదటే అనుకున్నాను. పేరుకున్న నైట్రేట్ తగ్గడానికి సగానికి పైగా నీళ్లు తీసి, క్లోరిన్ విరిచిన గోరువెచ్చని నీళ్లు నింపి, చేపలు తేవడానికి బయలుదేరాను.

కొత్త అక్వేరియంలోకి చేపలను ఒకటి రెండు చొప్పున దింపమని చెబుతారు. చాలా చేపలకు అది మంచి సలహాయే, కానీ డిస్కస్‌కు సరిపోదని నా అభిప్రాయం. చూడడానికి ఎంత సాధువుగా ఉన్నా ఇవి తమ చోటు కోసం పోట్లాడే సిక్లిడ్ కుటుంబానివి. ముందు చేరినది తొట్టె అంతా తన సొంతమనుకుంటుంది, రెండు మూడే ఉంటే బలహీనమైన దాని మీదే తాకిడి అంతా పడి, అది తిండి మానేసి ఒక మూలకు చేరుతుంది. అదే ఆరింటిని ఒకేసారి వదిలితే ఆ పెత్తనం అందరి మీదా పంచుకుపోతుంది. అయితే ఆరు చేపల వ్యర్థాన్ని మొదటి రోజు నుంచే భరించేలా ఫిల్టర్ సిద్ధంగా ఉండాలి కాబట్టే ఇన్ని వారాల నిరీక్షణ అవసరమైంది.

తొట్టె 300 లీటర్లది. అడుగున ఇసుక వేయలేదు. మిగిలిన మేత, పెంట కనిపించిన వెంటనే గొట్టంతో లాగేయడానికి అద్దం అడుగే వీలుగా ఉంటుంది. హీటర్ 29 డిగ్రీల దగ్గర నిలిపాను. అంత వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది గనుక స్పాంజ్ ఫిల్టర్‌తో పాటు గాలి బుడగలు వదిలే గాలిరాయి కూడా ఒకటి పెట్టాను. అమెజాన్ పరీవాహకంలోని ఈ చేపలు నీట మునిగిన కొమ్మల మధ్య, ఖనిజ లవణాలు తక్కువైన ఆమ్ల జలాల్లో బతుకుతాయని చదివి, చాలామంది పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ నీరు ఆమ్లమవుతుంది) తగ్గించే పొడుల వెంట పడతారు. తొట్టెల్లో తరతరాలుగా పెరిగిన చేపలకు 7కు అటూ ఇటూ ఉన్న పీహెచ్ సరిపోతుంది. రోజుకో తీరుగా ఊగే పీహెచ్ వాటిని ఎక్కువ బాధిస్తుంది. అందుకే ఏ పొడీ కలపలేదు, ఒక మొద్దు మాత్రం పెట్టాను.

మధ్యాహ్నం సంచులను మూతి విప్పకుండానే తొట్టెలో తేలనిచ్చి ఉష్ణోగ్రత సమం చేశాను. ప్రయాణంలో చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచి నీటి పీహెచ్ పడిపోయి, అందులోని అమ్మోనియా పెద్దగా హాని చేయని అమ్మోనియంగా ఉంటుంది. మూతి విప్పితే వాయువు బయటికి పోయి, పీహెచ్ పెరిగి, అదే విషంగా మారుతుంది. కాబట్టి విప్పాక ఆలస్యం చేయకుండా చేపలను వలతో తీసి వదిలాను, సంచి నీళ్లు పారబోశాను.

దిగిన వెంటనే ఆరూ నల్లబడి, ఒంటి మీది నిలువు చారలు ముదురుగా తేలి, రెక్కలు ముడుచుకుని మొద్దు వెనుక చేరాయి. దీపం ఆర్పేశాను. సాయంత్రానికి నాలుగింటి చారలు పలచబడ్డాయి. అన్నిటికంటే చిన్నది మాత్రం ఇంకా అద్దానికి ఒరిగే ఉంది. ఈ రోజు మేత వేయలేదు. రేపు ఉదయం అమ్మోనియా మరోసారి పరీక్షించి, గడ్డకట్టిన రక్తపురుగులు (మేతగా వేసే సన్నని ఎర్ర పురుగులు) కరిగించి కొద్దిగా వేసి, ఆ చిన్నది నోరు పెడుతుందో లేదో చూడాలి. వీటికి తోడుగా ఉంచబోయే కార్డినల్ టెట్రాలు అనే చిన్న చేపలు ఇంకా వేరే తొట్టెలోనే ఉన్నాయి. ఈ ఆరూ తిండికి అలవాటు పడేదాకా వాటిని ఇటు తేను.